గత్యంతరం లేదు అనే ముందు

మనం పెద్దగా ఆలోచించకుండా వాడే మాటల్లో “గత్యంతరం లేదు” ఒకటి. కంపెనీ మనుషుల్ని తీసేసే రోజు హెచ్చార్ మెయిల్‌లో ఇదే ఉంటుంది, కాస్త మర్యాదైన ఇంగ్లీషులో. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయించే రోజు అధికారి ఇదే చెప్తాడు. కూతురి చదువు ఆపించి పెళ్ళి కుదిర్చే తండ్రి కూడా ఇదే అంటాడు: “నాకు మాత్రం ఇష్టమా తల్లీ, ఇంకో దారి లేదు.” ఆ మాట పడ్డాక అవతలివాళ్ళకి వాదించడానికి ఏమీ మిగలదు. ఎందుకంటే ఆ మాట అన్నవాళ్ళు నిర్ణయం తమదని ఒప్పుకోవడం లేదు. నిర్ణయం పరిస్థితి తీసుకుంది, తాము చదివి వినిపించారు, అంతే.

కాస్త ఆగి చూస్తే ఆ మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి బాధ. అది నిజమే అయ్యుండొచ్చు, దాన్ని శంకించాల్సిన పనిలేదు. రెండోది ఒక సమాచారం: నేను వెతికాను, వేరే దారి దొరకలేదు. ఈ రెండోదాన్ని మాత్రం పరీక్షించొచ్చు. ఎక్కడ వెతికారు? ఏ పద్ధతిలో వెతికారు? ఎప్పుడు ఆపేశారు? దేన్ని దారిగా లెక్కేశారు, దేన్ని వెయ్యలేదు?

నీతి గురించి రాసినవాళ్ళు ఎక్కువగా దారుల మధ్య ఎంపిక గురించే మాట్లాడారు, దారులన్నీ ముందే మన ఎదుట పరిచి ఉన్నట్టు. 1967లో ఫిలిప్పా ఫుట్ మొదలుపెట్టిన ట్రాలీ ప్రశ్న అందరికీ తెలిసిందే. బండి ఇటు పోతే అయిదుగురు, అటు పోతే ఒక్కడు. దారులు రెండే. అలా తయారుచేసిన ప్రశ్నలో వెతకడం అన్న పనికి చోటే ఉండదు. బతుకులో కష్టమైన భాగం చాలాసార్లు ఆ వెతకడమే.

వెతకడాన్నే ముఖ్యమైన పనిగా పెట్టుకున్న ఒక చిన్న వీధి కంప్యూటర్ సైన్సులో ఉంది. బహుళ లక్ష్యాల ఎవల్యూషనరీ అల్గారిథమ్‌లు అంటారు. అక్కడివాళ్ళ ఉద్దేశం నీతి బోధించడం కాదు. వంతెనలు, టర్బైన్లు, జలాశయాలు, ఇలాంటి వాటికి ఒకదానికొకటి పడని కోరికల మధ్య మంచి డిజైన్లు వెతకడం వాళ్ళ పని. కానీ ఆ వీధిలో వాళ్ళు పడిన తప్పటడుగులు, వాటిని సరిచేసుకున్న తీరు చూస్తే, “గత్యంతరం లేదు” అనే హక్కు ఎంత కష్టపడి సంపాదించుకోవాల్సిందో తెలుస్తుంది.

*

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్నారనుకుందాం. కోరికలు రెండే: అద్దె తగ్గాలి, ఆఫీసుకి తొందరగా చేరాలి. ఒక ఇల్లు ఇంకోదానికన్నా అద్దె ఎక్కువ, దూరమూ ఎక్కువ అయితే దాన్ని కొట్టేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. అలాంటివన్నీ తీసేశాక కొన్ని మిగుల్తాయి. వాటిలో ఏదీ ఇంకోదానికన్నా అన్ని విధాలా మెరుగు కాదు. ఒకటి చవక, కానీ దూరం. ఇంకోటి దగ్గర, కానీ ఖరీదు. ఒకచోట కాస్త లాభపడాలంటే ఇంకోచోట కాస్త వదులుకోవాల్సిందే. ఇలా మిగిలిన వాటి వరసనే పరేటో ఫ్రంట్ అంటారు. విల్‌ఫ్రెడో పరేటో ఇంజినీరుగా చదువుకుని, రైల్వేల్లో, ఇనుము పరిశ్రమలో పనిచేసి, తర్వాత లొజాన్‌లో ఆర్థికశాస్త్రం చెప్పిన ఇటాలియన్. 1906లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఆలోచనకి ఒక రూపం ఇచ్చాడు.

ఆ వరస మీద ఉండటం గొప్పేం కాదు. అమర్త్య సేన్ 1970లో ఈ విషయం గట్టిగానే చెప్పాడు: ఒక సమాజంలో కొందరు ఆకలితో మాడుతూ, ఇంకొందరు విలాసాల్లో తేలుతూ ఉండొచ్చు. ఉన్నవాళ్ళకి వేలెడంత కూడా తగ్గించకుండా లేనివాళ్ళని బాగుచేయడం కుదరకపోతే, ఆ సమాజం పరేటో లెక్కలో సరిగ్గానే ఉన్నట్టు. కాబట్టి ఈ లెక్క చెడ్డవాటిని ఏరేస్తుంది తప్ప, మిగిలినవాటిలో ఏది న్యాయమో చెప్పదు. ఆ మాట అది చెప్తుందని ఎవరైనా అంటే వాళ్ళు దాని పేరు చెప్పుకుని తమ మాట చెప్తున్నారన్నమాట.

మరి మిగిలినవాటిలో ఎంపిక ఎలా? అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది. అద్దెకి ఇంత బరువు, టైమ్‌కి ఇంత బరువు అని నంబర్లు వేసి కూడేయడం. పరస్పరం పోలికలేని రెండు విషయాల్ని ఒకే తక్కెడలో పెట్టడం. చాలా ఆఫీసుల్లో, చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే, నంబర్లు పైకి చెప్పరు గానీ.

ఇందులో ఒక చిక్కుంది. మూడు ఇళ్ళు మిగిలాయనుకోండి. మొదటిది నెలకి 15 వేలు, ఆఫీసుకి 60 నిమిషాలు. రెండోది 27 వేలు, 40 నిమిషాలు. మూడోది 35 వేలు, 10 నిమిషాలు. ఈ మూడింట్లో ఏదీ ఇంకోదాన్ని పూర్తిగా ఓడించదు. ఇప్పుడు బరువులు వేసి చూడండి. మొదటి ఇల్లు వదిలి రెండోదానికి రావాలంటే 20 నిమిషాల కోసం 12 వేలు పెట్టాలి, అంటే నిమిషానికి 600. అక్కణ్నుంచి మూడోదానికి పోవాలంటే 30 నిమిషాల కోసం ఇంకో 8 వేలు, నిమిషానికి 270 కూడా పడదు. నిమిషానికి 600 పెట్టగల మనిషి 270కి ఆగడు, మూడోదానికే పోతాడు. అంత పెట్టలేని మనిషికి రెండోదానికన్నా మొదటి ఇల్లే మేలు. అంటే ఏ బరువులు వేసినా మధ్య ఇల్లు గెలవదు. ఎన్నటికీ గెలవదు.

కానీ ఆ మధ్య ఇల్లే సరైనదయ్యే మనుషులున్నారు. నెలకి 28 వేలు దాటితే కుదరదు, ఇంట్లో చిన్న బిడ్డ ఉంది కాబట్టి ముప్పావు గంటలో చేరలేకపోయినా కుదరదు. వాళ్ళ మనసులో ఉన్నది తక్కెడ కాదు, రెండు గీతలు. కూడికల పద్ధతిలో వెతికితే వాళ్ళకి తగిన ఇల్లు లిస్టులోకే రాదు. వాళ్ళతో ఏజెంటు నిజాయితీగానే అంటాడు: “సార్, మీ బడ్జెట్‌కి ఇంకేం లేవు.” అబద్ధం చెప్పలేదు. అతను వెతికిన పద్ధతికి ఆ ఇల్లు కనపడదు.

వెతికే పద్ధతే కొన్ని దారుల్ని కనపడకుండా చేస్తుందన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న మొదటి మాట.

*

ఎవల్యూషనరీ అల్గారిథమ్‌ల ఆలోచన 1960ల బెర్లిన్‌లో ఇంగో రెఖెన్‌బెర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్‌ల దగ్గర ఒక రూపంలో, మిషిగన్‌లో జాన్ హోలండ్ దగ్గర ఇంకో రూపంలో మొదలైంది. హోలండ్ పుస్తకం 1975లో వచ్చింది. ఒకే ఒక్క జవాబుని పట్టుకుని చెక్కుతూ పోవడం మానేసి, జవాబుల గుంపుని పెంచుతారు. మంచివాటికి పిల్లలు ఎక్కువ పుడతాయి. రెండిటి లక్షణాలు కలిసి మూడోది వస్తుంది. మధ్యమధ్యలో ఊరికే చిన్న మార్పు జరుగుతుంది. తరాలు గడిచేకొద్దీ గుంపు మెరుగవుతుంది. కోరికలు ఒకటికి మించి ఉన్నప్పుడు ఇది బాగా నప్పుతుంది. చివర్లో చేతికొచ్చేది ఒక జవాబు కాదు, గుంపు మొత్తం. అంటే ఫ్రంట్ మొత్తాన్నీ ఒకేసారి చూపించొచ్చు.

1985లో డేవిడ్ షాఫర్ ‘వేగా’ అనే అల్గారిథమ్ చేశాడు. బహుళ లక్ష్యాలకి జన్యు అల్గారిథమ్‌ని వాడిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అతని పద్ధతి చాలా న్యాయంగా కనిపిస్తుంది. రెండు లక్ష్యాలుంటే తరువాతి తరంలో సగం మందిని మొదటి లక్ష్యం ప్రకారం ఎంచాలి, మిగతా సగాన్ని రెండో లక్ష్యం ప్రకారం. ఎవరి వాటా వాళ్ళకి. ఆ తర్వాత అందర్నీ కలిపి పిల్లల్ని పుట్టిస్తారు. ఫలితం? గుంపు రెండు కొసలకీ పోయి చేరింది. ఒక లక్ష్యంలో మహా నిపుణులు ఒకవైపు, రెండోదాంట్లో నిపుణులు ఇంకోవైపు. రెండిటిలోనూ పర్వాలేదనిపించే మధ్యవాళ్ళు ఏ వాటాలోనూ ఎంపిక కాక మాయమయ్యారు. ఈ లోపాన్ని షాఫరే గమనించి చెప్పాడు.

దీన్ని చదివినప్పుడు మన చర్చలు గుర్తురాకుండా ఉండవు. ప్రతి పక్షానికీ ఒక కుర్చీ వేసి, ప్రతి కుర్చీలో ఆ పక్షం తరఫున బాగా అరవగలిగేవాణ్ని కూర్చోబెడితే అన్ని పక్షాలకీ న్యాయం జరిగినట్టే ఉంటుంది. రెండు పక్షాల బాధా కొంత తెలిసిన మనిషికి మాత్రం ఏ కుర్చీ దొరకదు. ఉభయతారకమైన దారి ఉన్నా, దాన్ని తెచ్చేవాడు గదిలో ఉండడు.

దీనికి మందు తర్వాత వచ్చింది. డేవిడ్ గోల్డ్‌బెర్గ్ 1989 పుస్తకంలో ఇచ్చిన సూచనల మీద కట్టిన పద్ధతుల్లో బాగా పేరొచ్చింది ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్, ఆయన సహచరులు చేసిన ఎన్‌ఎస్‌జీఏ-2. పేపర్ 2002లో అచ్చయింది. అందులో నియమాలు రెండు. ఎవరి చేతిలోనూ పూర్తిగా ఓడిపోనివాళ్ళు ముందు. వాళ్ళలో వాళ్ళకి పోటీ వస్తే, చుట్టూ జనం తక్కువున్నవాడికి ప్రాధాన్యం. పదిమంది ఒకే మూల గుమిగూడితే వాళ్ళలో ఇంకొకడు కొత్తగా చెప్పేదేం లేదు. ఒంటరిగా ఎక్కడో నిలబడ్డవాడు పోతే ఫ్రంట్‌లో ఆ భాగమే మనకి తెలియకుండా పోతుంది. అల్గారిథమ్ అతన్ని కాపాడేది అందుకే.

*

ఇంతవరకు లక్ష్యాలు అనేకం కావడం గురించి మాట్లాడుకున్నాం. పద్ధతులు అనేకం కావడం వేరే సంగతి. ఈ రెండిటినీ మనం తరచూ కలిపేస్తాం.

కొత్త జవాబుని పుట్టించడానికి ఒక్క కిటుకు కాదు, చాలా ఉన్నాయి. ఇద్దరు తల్లిదండ్రుల మధ్య ఎక్కడో ఒక చోటుని ఎంచుకోవచ్చు. ఇద్దరి మధ్య తేడాని తీసుకుని మూడోవాడికి కలపొచ్చు. 1990లలో స్టోర్న్, ప్రైస్ చేసిన డిఫరెన్షియల్ ఎవల్యూషన్ అదే. పక్షుల గుంపులాగా, బాగున్న చోటువైపు అందరూ కొంచెం కొంచెం జరగొచ్చు. 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ చేసిన పార్టికల్ స్వార్మ్ అది. ఉన్నచోటే నిలబడి చుట్టుపక్కల అంగుళం అంగుళం తడుముకోవచ్చు. వీటినే హ్యూరిస్టిక్స్ అంటారు. గ్యారంటీ లేని, కానీ పనికొచ్చే వెతుకులాట ఉపాయాలు.

వీటిలో ఏది గొప్పది? 1997లో వోల్‌పర్ట్, మెక్రెడీ ఒక సిద్ధాంతం నిరూపించారు. ‘ఫ్రీ లంచ్ లేదు’ అని దానికి పేరు. సాధ్యమైన సమస్యలన్నిటి మీదా సగటు తీస్తే, చూసినచోటే మళ్ళీ చూడని ఏ రెండు వెతుకులాట పద్ధతులైనా సమానమే. ఒకచోట గెలిచేది ఇంకోచోట అంతే ఓడుతుంది. సమస్య స్వభావం తెలిస్తే తప్ప పద్ధతిని పొగడటానికి లేదు. సమస్య స్వభావం మనకి ముందే తెలిసేది అరుదు. పైగా వెతుకుతున్నకొద్దీ అది మారుతుంది కూడా. మొదట్లో పెద్ద అంగలు వేసేవాడు పనికొస్తాడు, చివర్లో నేల తడిమేవాడు.

అందుకని కలపడం మొదలుపెట్టారు. 2007లో వ్రుగ్ట్, రాబిన్సన్ చేసిన ‘అమాల్గమ్’ నాలుగు పద్ధతుల్ని ఒకే గుంపు మీద పక్కపక్కనే నడిపిస్తుంది. 2013లో హాడ్కా, రీడ్ ప్రచురించిన ‘బోర్గ్’ ఆరు కిటుకుల్ని వాడుతుంది. బోర్గ్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. ఇప్పటిదాకా దొరికిన మేలైన జవాబుల్ని ఒక ఆర్కైవ్‌లో దాస్తారు. అందులో ఉన్నవాటిలో ఏ కిటుకు తెచ్చినవి ఎన్ని అని లెక్కేస్తారు. ఎక్కువ తెచ్చినదానికి తర్వాత ఎక్కువ అవకాశాలు. అయితే ప్రతి లెక్కకీ ఒకటి కలుపుతారు. ఒకడు నలభైతొమ్మిది తెస్తే యాభై, ఇంకొకడు సున్నా తెస్తే ఒకటి.

ఆ ఒకటి జాలితో ఇచ్చింది కాదు. ఈ రోజు ఏమీ తేలేని పద్ధతి రేపు, నేల స్వభావం మారినప్పుడు, ఒక్కటే పనికొచ్చేది కావొచ్చు. సున్నా ఇస్తే అది ఇక ఎన్నటికీ తన సంగతి నిరూపించుకోలేదు. ఇంకో విషయం కూడా ఉంది: కొంతసేపు ముందడుగు పడకపోతే బోర్గ్ దాన్ని “ఇంతే ఉంది” అని చదువుకోదు. “ఇరుక్కుపోయాను” అని చదువుకుని, గుంపుని చెదరగొట్టి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇప్పుడు కూతురి చదువు ఆపిస్తున్న తండ్రి దగ్గరికి వద్దాం. ఆయన్ని దుర్మార్గుణ్ని చేయక్కర్లేదు. అప్పుంది, ఆరోగ్యం బాలేదు, రెండో పిల్ల వెనకాల ఉంది. ఆయన వాడిన పద్ధతి ఒకటే: లాభనష్టాల లెక్క. ఆ లెక్కలో జవాబు పెళ్ళే వచ్చింది. అదే మనిషి ఇంకో పద్ధతిలో, ఒక నియమం పెట్టుకుని, “చదువు మాత్రం ఆగకూడదు” అని మొదలుపెట్టి వెతికితే? లెక్క వేసుకున్నప్పుడు అడగని ప్రశ్నలు అడిగేవాడు: ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, గవర్నమెంట్ కాలేజీలో హాస్టల్ దొరుకుతుందా. మూడో పద్ధతి, అవతలివాళ్ళ స్థానంలో నిలబడి చూడటం. దీనికి కూతుర్ని కూర్చోబెట్టి అడిగితే చాలు. ఏడాది ఉద్యోగం చేసి తర్వాత చదువుకుంటానని ఆ పిల్ల అనొచ్చు. దూరవిద్య గురించి ఆయనకన్నా ఆ పిల్లకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. నాలుగో పద్ధతి, ఇలాంటి స్థితిలో మన చుట్టాల్లో ఎవరు ఏం చేశారని చూడటం. ఈ నాలుగూ నాలుగు రకాల జవాబుల్ని తెస్తాయి. ఒకటి రెండోదానికి కనపడదు.

తత్వశాస్త్రంలో ఈ పద్ధతులు శత్రువుల్లా నిలబడ్డాయి. ఫలితమే ముఖ్యమనేవాళ్ళు, నియమమే ముఖ్యమనేవాళ్ళు, మంచి మనిషి ఏం చేస్తాడో చూడమనేవాళ్ళు. మన దగ్గరా ఆ చర్చకి కొదవలేదు. మహాభారతం శాంతిపర్వంలో ధర్మరాజు తమ్ముళ్ళనీ విదురుణ్నీ కూర్చోబెట్టి ధర్మార్థకామాల్లో ఏది ముందు అని అడుగుతాడు. విదురుడు ధర్మం అంటాడు, అర్జునుడు అర్థం అంటాడు, భీముడు కామం అంటాడు, చివరికి ధర్మరాజు మోక్షం వైపు తిరుగుతాడు. ఏది ముందని అడగ్గానే బరువులు వేయడం మొదలైపోయింది. నాకు మాత్రం ఆ సభలో విలువైనది తీర్పు కన్నా, నలుగురూ ఒకే బతుకుని నాలుగు వైపుల నుంచి వెతకడం. కోరికే లేకపోతే ధర్మం కూడా ఎవరికీ అక్కర్లేదన్న భీముడి మాట విదురుడికి తట్టేది కాదు.

*

ఇక్కడ ఒక అనుమానం రావాలి. అన్ని పద్ధతులూ కలపడం అంటే, ఎప్పుడు ఏది అనుకూలమైతే అది వాడుకోవడమేగా? కొడుక్కి కట్నం తీసుకునేటప్పుడు సంప్రదాయం, కూతురికి ఇచ్చేటప్పుడు చట్టం. ఇదీ పద్ధతుల్ని కలపడమే కదా?

ఆ అనుమానానికి జవాబు బోర్గ్ కట్టడంలోనే ఉంది. అక్కడ కిటుకులు జవాబుల్ని ప్రతిపాదిస్తాయి, అంతే. తీర్పు వాటి చేతిలో లేదు. ఏ కిటుకు తెచ్చినదైనా ఒకే ఆర్కైవ్ ముందు నిలబడాలి, అన్ని లక్ష్యాల మీదా ఒకే కొలతకి నిలవాలి. ఎవరు తెచ్చారన్నది అక్కడ చెల్లదు. అవకాశవాది చేసేది దీనికి తలకిందులు. అతని దగ్గర జవాబు ముందే ఉంటుంది, దానికి ముద్ర వేసే పద్ధతిని తర్వాత వెతుకుతాడు. పద్ధతి మార్చినప్పుడల్లా కొలత కూడా మార్చేస్తాడు.

వెతకడంలో ఎంత ఉదారంగా ఉంటే అంత మంచిది, తూకంలో అంత కచ్చితంగా ఉండాలి. నేను దీన్ని నీతికి కూడా వర్తించే నియమమే అనుకుంటున్నాను. మన అలవాటు దీనికి ఎదురు: వెతికేటప్పుడు పిసినారితనం, తూచేటప్పుడు మొహమాటం.

*

అల్గారిథమ్‌కి ఒక గుడ్డితనం ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ పోలికని నడపకూడదు.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి జంగా రెడ్డి, నగేశ్ కుమార్ 2006లో కర్ణాటకలోని భద్ర జలాశయం మీద ఇలాంటి పని ప్రచురించారు. సాగునీరు, కరెంటు, దిగువ నదిలో నీటి నాణ్యత, ఈ అవసరాల మధ్య నీళ్ళు ఎప్పుడెంత వదలాలో ఒక్క జవాబు కాక అనేక విధానాల్ని అల్గారిథమ్‌తో తీసి, జలాశయం నడిపేవాళ్ళకి ఎంపిక ఉండేలా చేశారు. మంచి పని. జాబితాలో దిగువ నది కూడా ఉండటం ఇంకా మంచిది. కానీ ఆ జాబితా ఎవరో ఒక మనిషి రాయాల్సిందే. అల్గారిథమ్ తనంతట తాను ఒక్క లక్ష్యాన్ని కూడా చేర్చుకోలేదు. జాబితాలో లేనిదాన్ని వెతికే పద్ధతికి ఎన్ని అవకాశాలిచ్చినా ఫలితం లేదు, ఎందుకంటే అది తెచ్చినదాన్ని కొలిచే కొలతే అక్కడ లేదు.

భద్ర నీళ్ళు తుంగతో కలిసి, కర్నూలు దాటి, సంగమేశ్వరం దగ్గర కృష్ణలో పడతాయి. ఆ గుడి ఏడాదిలో ఎక్కువ భాగం శ్రీశైలం వెనక జలాల్లో మునిగి ఉంటుంది, వేసవిలో నీళ్ళు దిగితే బయటపడుతుంది. శ్రీశైలం కింద దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. ముంపు ముందు కొన్ని పాత గుళ్ళని రాయి రాయి విప్పి తీసుకెళ్ళి వేరేచోట మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా ఆలంపూర్‌కి చేరింది. అంటే గుళ్ళు జాబితాలోకి ఎక్కాయి, వాటి కోసం దారి వెతికారు, దొరికింది. 1981లో ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించిన మనుషుల విషయంలో “గత్యంతరం లేదు” అన్నారు. వాళ్ళ కుటుంబాలు జీవో 98 కింద రావాల్సిన ఉద్యోగాల కోసం దశాబ్దాల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. రాళ్ళకి దొరికిన దారి మనుషులకి ఎందుకు దొరకలేదంటే, వెతికే తెలివి లేక కాదు. ఊరు ఊరుగా మిగలడం అన్నది ఎవరి జాబితాలోనూ ఒక లక్ష్యంగా లేదు.

అయితే అన్నిటినీ జాబితాలో పెట్టేద్దాం అంటే ఇంకో గోతిలో పడతాం. రెండు లక్ష్యాల మీద, యాదృచ్ఛికంగా తీసిన రెండు జవాబుల్ని పోలిస్తే, ఒకటి రెండోదాన్ని పూర్తిగా ఓడించే అవకాశం సగానికి సగం. లక్ష్యాలు మూడైతే నాలుగింట ఒక వంతు. పది అయితే 512లో ఒకటి. లక్ష్యాలు పెరిగేకొద్దీ ఎవరూ ఎవరి చేతిలోనూ ఓడరు. అందరూ ఫ్రంట్ మీదే ఉంటారు. వెతుకులాట ముందుకు కదలదు. “ఎవరి కోణం వాళ్ళది” అని ముగిసే ప్రతి ఫేస్‌బుక్ చర్చా ఈ పది కొలతల గదిలో జరిగేదే. ఏదో ఒక మూల ఎంతో కొంత మెరుగన్న కారణంతో ప్రతి చెత్త ప్రతిపాదనా బతికిపోతుంది.

దీనికి బోర్గ్ వాడే మందు చిన్నది. ప్రతి లక్ష్యానికీ ముందే ఒక గీటు చెప్పమంటుంది: ఇంతకన్నా చిన్న తేడాని తేడాగా లెక్కపెట్టను అని. కరెంటులో ఒక శాతం తేడా తేడాయే కాదు. తాగునీరు ఒక్కరోజు ఆగడం మాత్రం తేడాయే. ఏది పట్టించుకోదగ్గ తేడా అన్నది లెక్కల్లోంచి రాదు, మన విలువల్లోంచి రావాలి. ఆ గీటు అందరి ముందూ చెప్పడం నిర్ణయంలో సగం పని.

*

మిగతా సగం ఎవరు చేస్తారు? ఈ శాస్త్రంలో పుస్తకాలన్నీ చివరి పేజీలో ఒక మనిషిని పిలుస్తాయి. ‘నిర్ణయకర్త’ అంటాయి. ఏకవచనంలో. ఫ్రంట్‌ని అతని ముందు పెట్టి తప్పుకుంటాయి. జలాశయానికి అలాంటి ఏక మనిషి ఉండడు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అందులో ఎంత లోతు దాకా కరెంటు కోసం తోడొచ్చన్న గొడవ 2021లో రెండు తెలుగు రాష్ట్రాల పోలీసుల్ని కృష్ణ మీది డ్యాముల దగ్గర ఎదురెదురుగా నిలబెట్టింది. ఏ అల్గారిథమూ ఆ గొడవని తీర్చదు. తీర్చాలని కూడా నేను అనుకోను. అది మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం.

కానీ ఫ్రంట్ ఒకటి బల్ల మీద ఉంటే ఆ మాటల స్వభావం మారుతుంది. ఫలానా చుక్కని ఎంచుకున్నారంటే, పక్క చుక్కలో ఏముందో, అది వదులుకోవడం వల్ల ఎవరికి ఎంత పోయిందో అందరికీ కనపడుతుంది. “తిలా పాపం తలా పిడికెడు” అని పంచేసుకోవడం కుదరదు. ఎంచుకున్నవాళ్ళు, ఎంచుకున్నాం అని చెప్పాలి. నష్టపోయినవాళ్ళకి కనీసం ఒకటి దక్కుతుంది: మీ నష్టం ప్రకృతి చేసింది కాదు, మేం తెలిసి చేసింది, కాబట్టి మీకు బాకీ ఉన్నాం అన్న ఒప్పుకోలు. నష్టపరిహారం అన్న మాటకి అర్థం వచ్చేది అక్కణ్నుంచే. గత్యంతరమే లేని చోట ఎవరూ ఎవరికీ బాకీ పడరు.

నిజంగా దారి లేని సందర్భాలు ఉండవని నేననడం లేదు. ఉంటాయి. అప్పుడు ఆ మాట అనాల్సిందే. అయితే అనేవాళ్ళని నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు వినేవాళ్ళకి ఉంది. వేటి కోసం వెతికారు, ఆ జాబితా ఎవరు రాశారు? ఎన్ని పద్ధతుల్లో వెతికారు? ఇప్పటిదాకా ఏమీ తేలేదని పక్కన పెట్టిన పద్ధతికి ఇంకో అవకాశం ఇచ్చారా? ముందడుగు పడనప్పుడు, దారి అయిపోయిందనుకున్నారా, మీరు ఇరుక్కుపోయారనుకున్నారా? వీటికి జవాబులున్న తండ్రి ముందు కూతురికి కోపం రావొచ్చు గానీ మోసపోయానన్న భావన రాదు. జవాబులు లేకపోతే ఆయన ఆ మాట అనకుండా, “ఇది నా నిర్ణయం” అనాలి. చెప్పడానికి అదే ఎక్కువ కష్టం. వినేవాళ్ళకి మాత్రం తిరిగి మాట్లాడటానికి అక్కడ కొంచెం చోటు మిగులుతుంది.